ఇంట కాఫీగింజలు

బియ్యము కొనునపుడు మన స్త్రీలు చూపు జాగ్రత్తలో పదియవవంతైనను కాఫీ విషయమున చూపరు. బియ్యమైనచో దోసిట పోసికొని చూతురు. రెండు గింజలు నోట వేసికొని కొరుకుదురు. పాతవా క్రొత్తవా యని గ్రుచ్చి గ్రుచ్చి అడుగుదురు. చింతపండును విడదీసి చూచినగాని తీసికొనరు. కందిపప్పు ధర రెండు రూపాయలు పెరిగినచో దుకాణదారునితో వాదమునకు దిగుదురు. కాఫీపొడి దగ్గరకు వచ్చునప్పటికి మాత్రము పొట్లముమీది బొమ్మను చూచి సంచిలో వేసికొని వత్తురు. ఆ పొడి ఏ గింజలనుండి వచ్చినది, ఆ గింజలను ఎన్నడు వేయించిరి, దానిలో గింజ యెంత, చికోరి యెంత అను ప్రశ్నలు మనకు తోచనే తోచవు. తెల్లవారి లేచినది మొదలు ఇంటిల్లిపాదియు ఎదురుచూచు పదార్థమును గూర్చి ఇంతటి ఉపేక్ష యేల కలిగెను?

మాకు తోచిన కారణమొక్కటి. పాలును, చక్కెరయు కాఫీ దోషములను కప్పిపుచ్చును. గింజ పాతదైనను, మాడినదైనను, పొడి డబ్బాలో నెలల తరబడి పడియున్నదైనను, రెండు చెంచాల చక్కెర పడినపిమ్మట నాలుక కనిపెట్టజాలదు. చక్కెర మానిన నాడు గాని గింజయొక్క నిజస్వరూపము బయటపడదు. మా యింట ఆ దినము రెండేండ్ల క్రిందట వచ్చినది.

మా అత్తగారికి ఎనుబదియవయేడు సమీపించుచున్నది. ఆమె తెనాలి ప్రాంతమున పుట్టి పెరిగినవారు. మధుమేహము ముదిరినదని వైద్యులు ఆమెకు చక్కెరను బొత్తిగా మాన్పించి, కాఫీని దినమున కొక్క గ్లాసునకు తగ్గించిరి. ఆమె ఎదురు చెప్పలేదు. మూడవనాడు మాత్రము గ్లాసు సగమైనను కాకుండ క్రింద పెట్టి లేచిపోయిరి. నాలుగవనాడును అంతియే.

“చేదుగా ఉందా అత్తయ్యా?” అని అడిగితిమి.

“చేదు కాదమ్మా. చేదంటే నాకిష్టమే. ఇది పాత నూనె వాసన వేస్తోంది” అనిరి.

ఇది చిన్న సంగతి యని సోదరీమణులు తలపవచ్చును. ఆమె ఉదయమున రెండు ఇడ్డెనలకంటె ఎక్కువ తినరు. మామగారు గతించినది మొదలు ఆమె నోరు విప్పి మాటలాడు సమయము దినములో ఒక్కటే: ఆ కాఫీగ్లాసు చేత పట్టుకొని వసారాలో కూర్చుండు పావుగంట. వరికోతల మాటలు, కాలువగట్టు మాటలు, ఎన్నడో పోయిన అక్కగారి మాటలు అన్నియు ఆ పావుగంటలోనే వచ్చును. గ్లాసు సగములో విడిచిపెట్టి లేచిననాడు ఆ మాటలును నిలిచిపోయినవి. చక్కెర ఎటులును పోయినది. ఆ పావుగంటను కూడ పోనిచ్చుటకు మాకు మనసొప్పలేదు. కాఫీగింజల విషయమై మేము దుకాణముల వెంట తిరుగుటకు ఇదియే కారణము.

ఆమె చెప్పిన మాట అక్షరాల సత్యమని పిమ్మట తెలిసినది. కాఫీగింజలో సహజముగా నూనె యున్నది. బరువులో నూటికి సుమారు 10 మొదలు 16 పాళ్లవరకు ఉండును. అరబికా యను జాతిలో ఎక్కువ, రొబస్టా యను జాతిలో తక్కువ. గింజను వేయించునపుడు ఆ నూనె కదలి, కాలక్రమమున పైకి ఊరును. గాలిలోని ప్రాణవాయువు తగిలినకొలది అది చెడి, నిలువయున్న వేరుసెనగనూనె కంపు పట్టును. వేయించిన గింజలో బొగ్గుపులుసుగాలి నిండియుండును. అది మెల్లమెల్లగా వెలుపలికి వచ్చుచున్నంతకాలము గింజలోనికి ప్రాణవాయువును అంతగా చొరనీయదు. గింజను పొడిచేసిన మరుక్షణమునుండి ఆ కాపుదల పోవును. ఒక్క గింజ వందలాది నలుసులై, ప్రతి నలుసునకును గాలి తగులును. కావున పచ్చిగింజ ఒక సంవత్సరము నిలుచును. వేయించిన గింజ మూడు నాలుగు వారములు బాగుగా నుండును. పొడి వారము దినములకే వాసన వదలును. మనము చేయుచున్న దంతయు దీనికి తలక్రిందులు. అన్నిటికంటె త్వరగా చెడు పొడినే కిలోలకొలది కొని, నెలకు సరిపడ డబ్బాలో నింపుకొనుచున్నాము.

మన పెద్దలు ఇటుల చేయలేదు. అత్తగారి పుట్టినింట పచ్చిగింజలనే సంచితో కొని, పప్పుధాన్యముల సరసన గదిలో పెట్టుకొనువారట. వారమునకొకసారి వారి తల్లిగారు ఇనుపమూకుడులో దోసెడు గింజలు పోసి, నిదానపు మంటమీద విడువక కలుపుచు వేయించెడివారు. ఆకుపచ్చని గింజ మొదట పసుపువన్నెకు తిరిగి, గడ్డివాసన వేసి, పిమ్మట దాల్చినచెక్క వన్నెకు వచ్చి, ఒక్కసారిగా చిటపటలాడును. ఆ చిటపటలు తగ్గిన కొంతసేపటికి మూకుడు దించి, చేటలో పోసి విసరవలయును. దించిన మూకుడులోనే వదలినచో ఆ వేడికే గింజ మాడిపోవును. కిటికీచట్టమునకు బిగించిన చేతిమరలో ఏపూట కాపూట విసరుట ఆడుబిడ్డల పని. “మర తిప్పనంటే కాఫీ లేదు” అనెడివారట ఆ తల్లిగారు. ఆ కాలపు పెద్దలు కొందరు కాఫీని దుర్వ్యసనమని దూషించిరి. ఆ దూషణల నడుమనే తెనుగు ఇండ్లలో స్త్రీలు గింజను కనిపెట్టు విద్యను నేర్చిరి. దూషణ పోయినది, విద్యయు పోయినది.

ఈనాడు పలు అంతస్తుల ఇంటిలో, గోడ కవతల పసిబిడ్డ నిదురించుచుండగా, మూకుడు పొగతో ఆ పని చేయుట అందరికిని సాధ్యము కాదు. మేము ఒకటి రెండుసార్లు చేసితిమి. సరదాకు బాగున్నది గాని వారమువారము చేయుటకు తీరిక చాలదు. ఇతరులు వేయించిన గింజను కొని, ఇంట పొడిచేసికొనుటయే మధ్యేమార్గము.

మేము చైతన్యపురిలో నుందుము. ఒక వంక దిల్‌సుఖ్‌నగర్, మరియొక వంక లాల్ బహదూర్ నగరము. నడుమ విజయవాడ రాజమార్గము. 2018 సెప్టెంబరునుండి ఆ మార్గముపై మెట్రో రైలును నడుచుచున్నది. ఈ దారి వెంట వచ్చి స్థిరపడినవారే ఇచ్చట మెండు: నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము, కృష్ణా, గుంటూరు మండలములవారు ఒక్క మేడలోనే ఇరుగుపొరుగుల నుందురు. అందుచేత మా మేడలో ఒక అంతస్తున చాయ్ మరుగును, మరియొక అంతస్తున డికాక్షన్ దిగును. ఎదురింటి నల్లగొండ ఆడపడుచు మా తిరుగుళ్లు చూచి, “ఏంది వదినా, గీ కాఫీకి గింత లొల్లెందుకు? మంచిగ చాయ్ అలవాటు చెయ్యి అత్తమ్మకు” అని నవ్వెను. అత్తగారికి ఆ సలహా వినిపించు సాహసము మాకు లేకపోయినది.

దిల్‌సుఖ్‌నగర్ నడివీధిలోని యొక దుకాణమునకు మొదట వెళ్లితిమి. పేరు చెప్పనక్కరలేదు. పెద్ద పెద్ద గాజుసీసాలలో గింజలు నింపి, వీథివైపున ఎండ పడుచోట వరుసగా నిలిపియున్నారు. చూపులకు ముచ్చటగా నున్నది. గింజకు మాత్రము అంతకంటె అన్యాయము లేదు. వెలుతురు, వేడి, పలుమారులు మూత తీయుటచే గాలి, మూడును ఒక్కసారి తగులుచున్నవి. ఎన్నడు వేయించిరని అడుగగా, “మొన్ననే అమ్మా” అనెను. ఒక గింజ నోట వేసికొని కొరికితిమి. సరిగా వేయించి మంచి నిలువలో నున్న గింజ పటుక్కున విరుగవలయును. ఇది మెత్తబడి సాగినది. పైని జిడ్డు వ్రేళ్లకంటినది. మిక్కిలి నల్లగా వేయించిన గింజకు జిడ్డు సహజము. చెక్కవన్నెలో నున్న గింజకు జిడ్డున్నచో అది పాతబడినదని తెలియవలయును. “చికోరి లేదు, అచ్చముగా గింజపొడి” అని చెప్పిన పొడిని వందగ్రాములు మాత్రము తెచ్చి ఇంట పరీక్షించితిమి.

ఆ పరీక్ష ప్రతి గృహిణియు చేయదగినది. గాజుగ్లాసులో చన్నీరు పోసి, కదపకుండ ఒక చెంచా పొడిని పైన చల్లవలయును. కాఫీ నూనెగల పదార్థమగుటచే చాలసేపు నీటిపైన తేలును. చికోరి వెంటనే అడుగునకు దిగుచు, దిగినంతమేర ఎఱ్ఱని చారలు విడుచును. మన్నువంటి కల్తీ యున్నచో కలిపి ఐదు నిమిషములుంచగా అడుగున పేరుకొనును. మేము చల్లిన పొడిలో సగమువరకు చారలు కట్టుచు మునిగినది. ఎంతపాలు చికోరియో ఈ పరీక్ష చెప్పదు. ఉన్నదని మాత్రము చెప్పును. ఆ దుకాణమునకు మరల వెళ్లలేదు.

చికోరిని మేము నిందించుట లేదు. అది విషము కాదు. ఒక మొక్కయొక్క దుంపవేరును ఎండబెట్టి, వేయించి, పొడిచేసినది. కాఫీలో నిదుర చెఱచు కెఫీను అందులో లేదు. రంగును, చిక్కదనమును, స్వల్పమైన బెల్లపురుచిని ఇచ్చును. మన చట్టము ప్రకారము కాఫీ-చికోరి మిశ్రమమున కాఫీ నూటికి 51 పాళ్లకు తగ్గరాదు, చికోరి 49 పాళ్లకు మించరాదు; ఏది యెంతయో పొట్లముమీద ముద్రింపవలయును. అక్షరములు చిన్నవిగా నుండును గాని ఉండును. అద్దము పెట్టుకొని యైనను చదువుడు. నూటికి 40, 45 పాళ్లు చికోరి యున్న పొట్లమును కాఫీ ధరకు కొనుచున్నామని తెలిసినపుడు మన వాదనాపటిమ కందిపప్పునకే పరిమితము కాదు.

మంచి దుకాణము కొత్తపేట లోపలి వీథిలో దొరకినది. చిన్న గది, ఒక మర, వెనుక ఒక వేయించు డోలు. గురువారమున వేయింతురు. పొట్లముమీద ఆ తేదీని కలముతో వ్రాసి యిచ్చు కుఱ్ఱవాడు, “శనివారం రండమ్మా, అప్పటికి గింజ కుదురుకుంటుంది” అని చెప్పెను. ఆ ఒక్క మాటచేతనే అతనికి పని తెలియునని గ్రహించితిమి. వేయించిన నాడే గింజను పొడిచేసినయెడల లోపలి వాయువు నురుగై పొంగి డికాక్షన్ సరిగా దిగదు. రెండు మూడు దినములు ఆగినచో రుచి కుదురును. అమ్మువాడు తేదీ చెప్పునా, చెప్పడా అనునదియే మాకు ఇప్పుడు మొదటి గుర్తు. ముద్రించిన పొట్లములు కొనువారు “ఇన్ని నెలలలోపల వాడవలయును” అను గడువును గాక, వేయించిన తేదీని వెదకవలయును.

ఇక గింజల ఎంపిక. దోసిట పోసికొని చూచినపుడు పరిమాణమొక్కటిగా, వన్నె యొక్కటిగా నుండవలయును. చిన్నవి పెద్దవి కలసియున్నచో వేయించునపుడు చిన్నవి మాడును, పెద్దవి పచ్చిగా మిగులును. వేయించిన గింజలలో అచ్చటచ్చట పాలిపోయినట్లు కనబడునవి పండకమున్నే కోసిన కాయలవి. వేరుసెనగ పొట్టువంటి రుచి నిచ్చును. బొగ్గువలె నల్లనివి, విరిగినవి ఎక్కువ యున్నచో వదలివేయవలయును. సూదిమొనతో పొడిచినట్లు చిన్నరంధ్రమున్న గింజ కాయతొలుచు పురుగు పడినది. 2025లో ఈ పురుగు మన అరకు ప్రాంతపు తోటలలోను కనబడి, గిరిజన రైతులకు కష్టము తెచ్చినది. కావున ఇకమీద ఈ గుర్తును మనము కూడ ఎఱిగియుండుట మంచిది.

జాతులలో అరబికాకు సువాసన, స్వల్పమైన పులుపు, తేలిక. రొబస్టాకు చిక్కదనము, చేదు, చవుక. కెఫీను అరబికాలో నూటికి సుమారు 1.2 పాళ్లు, రొబస్టాలో సుమారు 2.2 పాళ్లు. దినమున కొక్క గ్లాసే త్రాగవలసిన వృద్ధురాలికి, రాత్రి నిదుర సరిగా పట్టని వారికి అరబికాయే తగును. పాలు దండిగా పోయు ఇండ్లలో కొంచెము రొబస్టా కలిపినగాని కాఫీ పాలలో నిలువదు. దుకాణములలో “ప్లాంటేషన్ ఏ” యని వ్రాసినది కడిగి ఎండబెట్టిన అరబికాలో పెద్దగింజ. “చెర్రీ” యని వ్రాసినది పండుతోనే ఎండబెట్టి పిమ్మట పొట్టు తీసినది. “పీబెర్రీ” యనగా కాయలో రెండు గింజలకు మారుగ ఒక్కటే గుండ్రముగ పెరిగినది. దానిపై మక్కువ పెద్దది, ధరయు పెద్దదే. గుండ్రని గింజ మూకుడులో చక్కగా దొర్లి సమముగా వేగును, అది నిజము. అంతకుమించి దానిలో మహిమ యేదియు మాకు కనబడలేదు. తేదీ లేని పీబెర్రీకంటె తేదీగల సామాన్యపు గింజ మేలు.

ఏ కొండదని అడుగుటయు మంచిదే. బాబా బూడన్ అను ఫకీరు యెమెన్ దేశమునుండి ఏడు విత్తనములు తెచ్చి కన్నడదేశపు కొండలలో నాటెనని పరంపరగా చెప్పుకొందురు. ఆ చిక్కమగళూరు గింజయే తరతరములుగా దక్షిణదేశపు ఇండ్లకు చేరినది. మన తెనుగుకొండలలోను 19వ శతాబ్ది తుదినుండి కాఫీ యున్నది. నేడు అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతములలో గిరిజనులు వెండియోకు చెట్ల నీడను, మిరియపుతీగెల నడుమను అరబికాను పెంచుచున్నారు. చలికాలమున ఎఱ్ఱబారిన పండ్లను చేతితో ఏరుదురు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వారియొద్ద కొని అమ్మును. 2019లో కూర్గు, వాయనాడు, చిక్కమగళూరు, బాబాబూడనుగిరి కాఫీలతోపాటు అరకులోయ అరబికాకును భౌగోళికపు గుర్తింపు లభించినది. 2017లో పారిసు నగరమున అరకు పేర ఒక కాఫీ దుకాణమే తెరచిరి. పారిసువారు అడిగి త్రాగు గింజను కొత్తపేటలో అడుగుటకు మనకు సంకోచమెందులకు? మేము అడిగితిమి. ఆ కుఱ్ఱవాడు మూడు పాళ్లు అరకు అరబికా, ఒక పాలు చిక్కమగళూరు రొబస్టా కలిపి యిచ్చెను. అత్తగారికి మాత్రము అచ్చముగా అరకు.

చక్కెర లేని ఆ మొదటి గ్లాసును ఆమె తుదివరకు త్రాగిరి. బాగున్నదని అనలేదు; ఆమెకు ఆ అలవాటు లేదు. “ఇది ఎవరు వేయించారు?” అని మాత్రమడిగిరి. పిమ్మట తమ తల్లిగారి మూకుడు సంగతి మొదలిడిరి. పైన మేము వ్రాసిన చిటపటల వృత్తాంతమంతయు ఆ ఉదయమున విన్నదే.

ఇప్పుడు ఎంత కొనవలయునను ప్రశ్న. మా యింట దినమునకు మూడు గ్లాసులు. గ్లాసునకు 10 గ్రాముల పొడి చొప్పున 30 గ్రాములు. పావుకిలో ఎనిమిది దినములు వచ్చును. కిలో కొన్నచో ధరలో కొంత తగ్గింతురు. ధరలు మండుచున్న కాలమున ఆ ఆశ సహజమే. 2024లో బ్రెజిలు దేశమున అనావృష్టిచే పంట దెబ్బతిన్న కారణమున, 2025 ఫిబ్రవరిలో అంతర్జాతీయ విపణిలో అరబికా ధర పౌను ఒక్కింటికి 4 డాలర్లను మించి, మునుపెన్నడు లేనంతగా పెరిగినది. ఆ వేడి మన వంటింటివరకు తగిలినది. అయినను పొడిగా కొన్న కిలోలో మొదటి పావే కాఫీ. తక్కిన ముప్పావు నల్లని దుమ్ము. కిలోకు తగ్గించిన డబ్బుకంటె చెడిన ముప్పావు విలువ చాల పెద్దది. మేము పావుకిలో గింజలే కొందుము.

నిలువ విషయమున ఆవకాయను తలచుకొన్న చాలును. తడిచేయి తగులరాదు, తడిగరిటె పెట్టరాదు, జాడీ నోరు తుడువక మూయరాదు అని చిన్ననాటినుండి నేర్చినవారమే గదా! ఆ శ్రద్ధలో సగము కాఫీగింజకు చూపినయెడల చాలును. బిగువైన మూతగల ఉక్కుడబ్బా, పావుకిలోకు సరిపోవునంతటి చిన్నది, మేలు. పెద్దడబ్బాలో కొంచెము గింజలు పోసినచో తక్కినచోటంతయు గాలియే. గాజుసీసాలో పెట్టదలచిన అలమారు లోపల చీకటిలో నుంచవలయును. పొయ్యిమీది అరలో పెట్టుట మనవారికి సామాన్యపు అలవాటు, చేతికందునని. అదియే ఇంటిలో మిక్కిలి వేడియైన చోటు. హైదరాబాదు వేసవిలో వెలుపలనే 40 డిగ్రీలు దాటుచుండగా పొయ్యిమీది అర సంగతి చెప్పనేల? ఇంగువకును, మసాలాలకును, ఊరగాయలకును దూరముగ నుంచవలయును. కాఫీ పొరుగువాసన నంతయు తనలోనికి పీల్చుకొనును. మా బంధువుల ఇంట ఒకప్పుడు ఇంగువ కాఫీ త్రాగితిమి. మర్యాదకు ఏమియు అనలేదు.

వానకాలమున ఇబ్బంది వేరు. ఆషాఢము మొదలు భాద్రపదమువరకు గాలియే తడిగా నుండును. అప్పుడు ముందుగా చెడునది చికోరి. అది తేమను పీల్చి గడ్డకట్టును. దానితో కలిసిన కాఫీపొడియు గడ్డకట్టును. కావున చికోరి కావలసినవారు దానిని వేరొక చిన్నడబ్బాలో నుంచుకొని, వడపోత గిన్నెలో పొడి వేయునపుడు మాత్రమే కలుపుకొనవలయును. మా వారికి చికోరి లేనిది సాగదు. అత్తగారికి అది పనికిరాదు. రెండు డబ్బాలగుటచే ఇద్దరికిని వివాదము లేదు.

శీతలపేటికలో నుంచవచ్చునా యని పలువురు అడుగుదురు. దినమును తీసి పెట్టు డబ్బాకు అది తగదు. చల్లని డబ్బాను వెలుపలికి తీసి మూత తెరచినంతనే గాలిలోని తేమ చెమ్మయై గింజలమీద దిగును. దినమునకు రెండుసార్లు చెమ్మ దిగిన గింజకు ఇక నిలువ యెక్కడిది? పైగా నిన్నటి కూర వాసన యంతయు పట్టును. ఎక్కువ గింజలు వచ్చిపడినపుడు మాత్రము గడ్డకట్టించు అర అక్కరకు వచ్చును. వారమునకు సరిపడునట్లు చిన్న చిన్న సంచులుగా కట్టి, గాలి పిండివేసి, గట్టిగా మూసి లోపల పెట్టవలయును. ఒక సంచి తీసినపుడు అది ఇంటివేడికి వచ్చువరకు విప్పరాదు. విప్పినదానిని మరల లోపల పెట్టరాదు.

పొడిచేయుటకు మిక్సీయే చాలును. పచ్చడిగిన్నె చిన్నది ఒకటి కాఫీకే కేటాయింపవలయును. ధనియాలు విసరిన గిన్నెలో కాఫీ వేసినచో ఏ అరకు గింజయు రక్షింపజాలదు. ఒక్కబిగిని త్రిప్పక, ఆగి ఆగి రెండు మూడు మారులు త్రిప్పినయెడల పొడి వేడెక్కదు. బొంబాయిరవ్వకంటె కొంచెము సన్నముగా నుండవలయును. మఱీ మెత్తనైనచో వడపోత రంధ్రములు మూసికొని డికాక్షన్ దిగదు. మఱీ ముతకయైనచో నీరు గబగబ జారి రంగునీళ్లు వచ్చును. పూటపూట చేయలేనివారు రెండు దినములకు సరిపడ చేసికొనవచ్చును, అంతకు మించవలదు.

డబ్బా ఖాళీ కాకమున్నే పాతగింజలమీద క్రొత్తవి పోయుట చాల ఇండ్లలో చూచుచున్నాము. అడుగున మిగిలిన పాతనూనె పైవానికి అంటి, క్రొత్తగింజను కూడ వారములోనే పాతగింజను చేయును. డబ్బా ఖాళీయైన దినమున వేడినీటితో కడిగి, తుడిచి, ఎండలో ఆరబెట్టి, బొత్తిగా చల్లారినపిమ్మటనే నింపవలయును. మా యింట ఈ పని శనివారమునాడు జరుగును.

క్రిందటి మాఘమాసమున మా ఆడుబిడ్డగారు చిక్కమగళూరు ప్రయాణము చేసి, తల్లిమీది ప్రేమచే రెండు కిలోల గింజలు మోసికొని వచ్చిరి. రెండు కిలోలు! అత్తగారు ఆ సంచిని చూచి, “దినానికి ఒక్క గ్లాసు తాగేదాన్ని, నాకు రెండేళ్ల కాఫీ తెచ్చావే” అని నవ్విరి. పావుకిలో డబ్బాలో పోసితిమి. మూడు సంచులు కట్టి గడ్డకట్టించు అరలో పెట్టితిమి. తక్కిన కిలోను మేడలో నాలుగిండ్లకు పంచితిమి. ఎదురింటి నల్లగొండ ఆడపడుచునకును తేదీ వ్రాసి ఒక పొట్లమిచ్చితిమి. ఆమె దానిని వాసన చూచి, మూతి ముడిచి, లోపలికి తీసికొనిపోయెను. పదియవనాటి ఉదయమున తలుపు తట్టి, “వదినా, చాయ్ అయితే బంద్ పెట్టను గని, గా కొత్తపేట దుకాణం ఏ గల్లీల ఉన్నదో జర చెప్పు” అనెను.